పెద్దవాళ్ళకి టీకాలు: మా షాపు దగ్గర రోజూ అడిగే ప్రశ్నలు

పాలకొల్లు, నరసాపురం మధ్య ఓ ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. చీటీ చేత్తో పట్టుకుని "ఏవండీ, ఈ టీకా నిజంగా కావాలంటారా?" అని అడిగేవాళ్ళు కోవిడ్ తర్వాత బాగా పెరిగారు. కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో చెప్పలేనివన్నీ ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. టీకా అమ్మితే నాకూ మార్జిన్ వస్తుంది, కాబట్టి నా మాటని కూడా అనుమానించే హక్కు మీకుంది.

డాక్టరు రాశాక మళ్ళీ ప్రశ్నించడం తప్పు కాదా?

తప్పేం లేదు, అడగాల్సిందే. మా అమ్మని మోకాళ్ళ నొప్పికి ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే బిల్లులో రెండు టీకాలు కనబడ్డాయి. ఏ జబ్బుకో ఆవిడకి చెప్పలేదు, కార్డు ఇవ్వలేదు, బ్యాచ్ నంబరు కూడా ఎక్కడా లేదు. రెండు రోజులు పట్టింది అవేంటో తెలుసుకోడానికి. ఒకటి ఆవిడకి పనికొచ్చేదే, రెండోది అప్పటికే వేయించింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

అందుకే చెప్తున్నా, అడగండి. ఇది ఏ జబ్బుకి, నా వయసుకీ నాకున్న జబ్బులకీ దీని అవసరం ఎంత, ఎన్నాళ్ళు పనిచేస్తుంది, ఏం ఇబ్బందులు రావొచ్చు, వేయించుకోకపోతే ఏమవుతుంది. ఈ ఐదింటికీ విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరు దొరికితే వదులుకోకండి. కానీ "నాకసలు టీకాల మీదే నమ్మకం లేదండి" అనే మాట ప్రశ్న కాదు, దానికి నా దగ్గర జవాబు లేదు. కుక్క కరిచినప్పుడు వేసే టీకా వేరు, ఏటా వేసే ఫ్లూ టీకా వేరు. దేని లెక్క దానిదే. అన్నిటినీ ఒకే గాటన కట్టి ఔననో కాదనో అంటే రెండు వైపులా నష్టమే.

చిన్నప్పుడు అన్నీ వేశారు కదా, మళ్ళీ ఎందుకు?

అన్నీ వేశారని మీకెలా తెలుసు? మన దేశంలో పిల్లల టీకాల కార్యక్రమం 1978లో మొదలైంది, ఊరూరికీ విస్తరించే పని 1985 తర్వాత జరిగింది. ఇప్పుడు యాభై దాటినవాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు ఏం పడిందో చెప్పే కాగితం ముక్క కూడా లేదు. ఆడవాళ్ళకి కడుపుతో ఉన్నప్పుడైనా ధనుర్వాతం సూది పడింది. మగవాళ్ళకి ఆ సందర్భమే రాలేదు. చేలో, చెరువు గట్టు మీద, కొబ్బరి తోటలో చెప్పుల్లేకుండా తిరిగేది ఎక్కువగా వాళ్ళే. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

దెబ్బ తగిలిన ప్రతిసారీ టీటీ (ధనుర్వాతం సూది) వేయించుకోవాలా?

అక్కర్లేదు. మా షాపుకి వచ్చేవాళ్ళలో సగం మంది ఆరు నెలలు దాటితే టీటీ పని అయిపోతుందని అనుకుంటారు. కొడవలి గీసుకున్నా, రొయ్య ముల్లు గుచ్చుకున్నా పరుగెత్తుకొస్తారు. మిగతా సగం ఇనప మేకు పాదంలో దిగినా పసుపు పెట్టి కట్టు కట్టేస్తారు. ఇద్దరిదీ పొరపాటే.

లెక్క ఇదీ. చిన్నప్పుడో పెద్దయ్యాకో కనీసం మూడు డోసులు పడినవాళ్ళకి, శుభ్రమైన చిన్న గాయమైతే ఆఖరి సూది పడి పదేళ్ళు దాటితేనే మళ్ళీ ఒకటి. మట్టి, పేడ, బురద అంటిన గాయమో, లోతుగా దిగినదో అయితే ఐదేళ్ళు దాటితే ఒకటి. మూడు డోసులు పడ్డాయో లేదో తెలియని మనిషికి మురికి గాయమైతే మాత్రం టీకా ఒక్కటే చాలదు, అప్పటికప్పుడు రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే వేరే సూది కూడా కావాలి. అది అన్ని చోట్లా ఉండదు, పెద్దాసుపత్రికి వెళ్ళాల్సి వస్తుంది. తర్వాత టీకా కోర్సు కూడా పూర్తి చేసుకోవాలి: మొదటిది, నెలకి రెండోది, ఆ తర్వాత ఆరు నెలల నుంచి ఏడాది లోపు మూడోది.

మా మావయ్య కొబ్బరి ఒలుపు దగ్గర పనిచేసేవాడు. యాభై ఎనిమిదేళ్ళు. తుప్పు పట్టిన రేకు ముక్క కాల్లో దిగితే సున్నం పెట్టుకుని పని చేసుకున్నాడు. గాయం దాదాపు మానిపోయింది కూడా. తొమ్మిదో రోజు పొద్దున్న ఇడ్లీ తినబోతే నోరు తెరుచుకోలేదు. పళ్ళ నొప్పి అనుకుని ఒక రోజు పోగొట్టారు. తర్వాత ఆసుపత్రిలో చీకటి గదిలో పెట్టారు, ఎందుకంటే వెలుతురు పడినా, తలుపు చప్పుడైనా ఒళ్ళంతా విల్లులా వంగిపోయేది. పదకొండు రోజులు. ధనుర్వాతం అన్న పేరు ఎందుకొచ్చిందో అప్పుడు చూశాను. తుప్పు వల్ల వచ్చే జబ్బు కాదది, మట్టిలో పేడలో ఏళ్ళ తరబడి బతికుండే క్రిమి వల్ల వస్తుంది. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి అంటదు, కాబట్టి ఊళ్ళో అందరూ వేయించుకున్నా వేయించుకోని ఒక్కడికి రక్షణ ఉండదు. వచ్చి బతికి బయటపడ్డా మళ్ళీ రాదన్న హామీ లేదు, వాళ్ళూ టీకా వేయించుకోవాల్సిందే. పీహెచ్‌సీలో అది ఉచితం.

ఇప్పుడు టీటీ కాకుండా టీడీ అంటున్నారు, ఇదేదో కొత్త ప్రయోగమా?

కాదండి. టీడీలో ధనుర్వాతంతో పాటు కంఠసర్పికి, అంటే డిఫ్తీరియాకి కూడా మందు తక్కువ మోతాదులో ఉంటుంది. చిన్నప్పుడు వేసిన కంఠసర్పి టీకా బలం వయసుతో తగ్గిపోతుంది, అందుకే మార్చారు. గర్భిణులకి కూడా ఇప్పుడు ఇదే: నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, మూడేళ్ళ లోపు మళ్ళీ గర్భం వస్తే ఒక్కటి. పుట్టిన బిడ్డలకి వచ్చే ధనుర్వాతం మన దేశంలో దాదాపు లేకుండా పోయిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించిందంటే దాని వెనక శుభ్రమైన కాన్పులూ ఉన్నాయి, ఈ సూదీ ఉంది.

ఒక్కో డాక్టరు ఒక్కోలా చెప్తున్నారు. అంటే ఎవరికీ తెలియదనేగా?

అలా కాదు. దేశాలే ఒకలా చెప్పవు. అమెరికాలో పదేళ్ళకోసారి ధనుర్వాతం బూస్టరు వేయించుకోమంటారు. ఇంగ్లాండులో జీవితం మొత్తంలో ఐదు డోసులు పడితే చాలంటారు, మురికి గాయమైనప్పుడు మాత్రం మళ్ళీ చూస్తారు. రెండు చోట్లా చదువుకున్నవాళ్ళే కూర్చుని నిర్ణయించారు, ఖర్చు ఎంత లాభం ఎంత అన్న తూకం దగ్గర తేడా వచ్చింది. అందులో ఎవరూ "అసలు వద్దు" అనలేదన్నది గమనించండి. మన దగ్గర ప్రభుత్వ కార్యక్రమం ముఖ్యంగా పిల్లలకీ గర్భిణులకీ. మిగతా పెద్దవాళ్ళ విషయంలో డాక్టర్ల సంఘాల సలహాలే ఎక్కువ, తప్పనిసరి అన్నది తక్కువ. కాబట్టి మాట్లాడుకుని తేల్చుకునే చోటు మీకుంది.

కుక్క కరిస్తే ఐదు సూదులు, నాలుగు సూదులు, బొడ్డు చుట్టూ పద్నాలుగు. ఏది నిజం?

బొడ్డు చుట్టూ వేసేది పాత టీకా, గొర్రెల మెదడు నుంచి తీసేవాళ్ళు, దాంతో నరాల జబ్బులు వచ్చిన మాట నిజమే. మన దేశంలో 2004 చివరికి దాన్ని ఆపేశారు. ఆ భయం మాత్రం ఇరవై ఏళ్ళైనా పోలేదు. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో చర్మంలోకి వేస్తే నాలుగు రోజులు: మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. వెళ్ళిన ప్రతిసారీ రెండు చేతులకీ కొంచెం కొంచెం. కండలోకి వేస్తే ఐదు, పద్నాలుగో రోజుది కలుస్తుంది. మొదటి సూది పడిన రోజుని సున్నాగా లెక్కపెట్టాలి.

ఈ ఒక్క టీకా విషయంలో నేను బేరానికి ఒప్పుకోను. లక్షణాలు మొదలయ్యాక రేబిస్‌కి మందు లేదు, దాదాపు ఎవరూ బతకరు. కరిచిన వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకండి. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలోకే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాలి, టీకాతో పాటు అదీ అడిగి వేయించుకోండి. పిల్లి గీరినా, కోతి కరిచినా ఇదే.

మా దగ్గర ఎక్కువగా జరిగేది ఏంటంటే, రెండు డోసులయ్యాక "కుక్క బాగానే తిరుగుతోందండి" అని మానేస్తారు. కుక్క గానీ పిల్లి గానీ పది రోజులు నిజంగా కళ్ళెదుటే ఉండి ఆరోగ్యంగా ఉంటే ఆ మాట డాక్టరుకి చెప్పి ఆయన చెప్పినట్టు చెయ్యొచ్చు. వీధి కుక్కలన్నీ ఒకేలా ఉంటాయి, చూసింది అదే కుక్కో కాదో ఎవరు చెప్పగలరు? గర్భిణులు కూడా వేయించుకోవచ్చు, ఆపాల్సిన పనిలేదు.

ఫ్లూ టీకా వేయించుకున్నా జ్వరం వచ్చింది. మోసం కాదా?

మోసం కాదు, కానీ చెప్పాల్సింది సరిగ్గా చెప్పలేదు. మన వైపు వానాకాలంలో వచ్చే జ్వరాల్లో డెంగీ ఉంటుంది, మలేరియా ఉంటుంది, టైఫాయిడ్ ఉంటుంది, ఊరికే వచ్చే జలుబు ఉంటుంది. వీటిలో దేన్నీ ఫ్లూ టీకా ఆపదు. ఫ్లూని కూడా పూర్తిగా ఆపదు. వైరస్‌తో టీకా బాగా సరిపోయిన ఏడాది డాక్టరు దాకా వెళ్ళేంత జబ్బుని 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది, సరిపోని ఏడాది ఇంకా తక్కువ. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి. ముప్పై ఏళ్ళ ఆరోగ్యవంతుడు నన్నడిగితే "మీ ఇష్టం" అంటాను. ఇంట్లో ఆయాసం, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్ళుంటే, లేదా ఎవరైనా కడుపుతో ఉంటే మాత్రం సార్వా నాట్లకి ముందే, అంటే వానలు దిగక ముందే డాక్టరుని అడగండి.

న్యుమోనియా టీకా అంత ఖరీదు, పెట్టిన డబ్బుకి తగిన ఫలితం ఉందా?

మనిషిని బట్టి. నెదర్లాండ్స్‌లో 65 దాటిన దాదాపు 85 వేల మంది మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది, 2015లో ఫలితం వచ్చింది. టీకాలో ఉన్న రకాల న్యుమోకోకస్ అనే క్రిమి వల్ల వచ్చే న్యుమోనియా దాదాపు 45 శాతం తగ్గింది. ఆ క్రిమి రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తెచ్చే జబ్బైతే నాలుగింట మూడు వంతులు తగ్గింది. కానీ అన్ని రకాల న్యుమోనియాలూ కలిపి చూస్తే తేడా పెద్దగా కనబడలేదు. పరీక్షకి డబ్బు పెట్టింది టీకా కంపెనీయే. ఇవన్నీ తెలిశాక కూడా, షుగరు ఇరవై ఏళ్ళుగా ఉన్న మా నాన్నగారికి నేను వేయించాను, ఎందుకంటే ఆయనకి ఒకసారి న్యుమోనియా వస్తే ఐసీయూ ఖర్చు ఎంతో, ఆ తర్వాత మనిషి ఎలా మిగులుతాడో నాకు తెలుసు. నలభై ఏళ్ళ ఆరోగ్యవంతుడికి ఎవరైనా రాస్తే ఎందుకు రాశారో అడగమంటాను.

సర్పికి (షింగిల్స్‌కి) టీకా వచ్చిందటగా?

వచ్చింది, 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది, యాభై దాటినవాళ్ళకి. రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరసే నరాల్లో దాక్కుని వయసు మీద పడ్డాక సర్పిగా లేస్తుంది. పొక్కులు మానినా కొందరికి నొప్పి నెలల తరబడి ఉంటుంది, చొక్కా తగిలినా భరించలేరు. టీకా బాగా పనిచేస్తుంది, పరీక్షల్లో డెబ్బై దాటినవాళ్ళలో కూడా 90 శాతం దాకా రక్షణ కనబడింది. అయితే వేయించుకున్నాక ఒకటి రెండు రోజులు ఒళ్ళు నొప్పులు, జ్వరం గట్టిగానే ఉంటాయి, పరీక్షలో ఆరుగురిలో ఒకరికి రోజువారీ పనులు చేసుకోలేనంత ఇబ్బంది వచ్చింది. ధర వేలల్లో ఉంది. అప్పు చేసి వేయించుకోవద్దని నేను పైకే చెప్తాను. సర్పి లేచిందని అనుమానం వస్తే మంత్రం వేయించడానికి కాదు, మూడు రోజుల లోపు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, అప్పుడు మాత్రలు బాగా పనిచేస్తాయి.

మా ఆవిడ కువైట్ వెళ్ళాలి. హెపటైటిస్ బి టీకా ఇప్పుడే వేయించనా?

ముందు పరీక్ష, తర్వాత టీకా. గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి చేసే మెడికల్ పరీక్షలో హెపటైటిస్ బి పాజిటివ్ వస్తే వెనక్కి పంపేస్తారు, ఏజెంటుకి కట్టిన డబ్బు పోతుంది. టీకా వేసిన రెండు మూడు వారాల లోపు రక్తం ఇస్తే కొందరిలో కొద్దిరోజుల పాటు పాజిటివ్ లాగా కనబడే వీలుంది, అందుకే మెడికల్‌కి ముందు మూడు వారాల్లో టీకా పెట్టుకోకండి. ఇప్పటికే వైరస్ ఉన్నవాళ్ళకి టీకా వల్ల ఉపయోగం లేదు, వాళ్ళకి కావాల్సింది చికిత్స. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతా అందరూ పరీక్ష చేయించుకుని లేనివాళ్ళు మూడు డోసులు వేయించుకోవాలి: మొదటిది, నెలకి, ఆరు నెలలకి. డయాలసిస్ వాళ్ళకి, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళకి తప్పదు. ఒకప్పుడు ఈ టీకా విదేశాల నుంచి రావాలి, వందల రూపాయలు. 1997లో హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ దాన్ని ఇక్కడే తయారుచేసి ధర దించేసింది.

కోవిడ్ టీకా వల్లే కుర్రాళ్ళకి గుండెపోట్లు వస్తున్నాయట?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళని నేను ఎప్పుడూ కసురుకోను. మా ఊళ్ళో కూడా ముప్పై రెండేళ్ళ అబ్బాయి చెరువు నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్ వేయడానికి వెళ్ళి చెరువు గట్టు మీదే పడిపోయాడు. ఆ తల్లి అడుగుతుంది, అడగాలి కూడా.

తెలిసింది తెలిసినట్టు చెప్తాను. కోవిషీల్డ్ రకం టీకాతో అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు వస్తుంది, ఇది నిజం. అది 2021లోనే బయటపడింది, డెన్మార్క్ ఆ ఏప్రిల్‌లోనే ఆ టీకాని ఆపేసింది, ఇంగ్లాండు నలభై లోపు వాళ్ళకి వేరేది ఇవ్వమంది. మన దేశంలో ఆ మే నెలలో ప్రభుత్వ కమిటీ చెప్పిన లెక్క పది లక్షల డోసులకి 0.61. నమోదు కాని కేసులు ఉండి ఉంటాయని నా అభిప్రాయం. అయితే అది వచ్చేది టీకా వేసిన కొద్ది వారాల్లో, మూడు నాలుగేళ్ళ తర్వాత కాదు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలతో (ఫైజర్, మోడర్నా లాంటివి) ముఖ్యంగా కుర్రాళ్ళలో గుండె కండరం వాపు కనబడింది, అవి మన ఊళ్ళల్లో వేసినవి కావు.

హఠాన్మరణాల మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 47 ఆసుపత్రుల్లో అధ్యయనం చేసింది. 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి దాకా చనిపోయిన 18 నుంచి 45 ఏళ్ళ మధ్యవాళ్ళు 729 మందిని తీసుకుని బతికున్నవాళ్ళతో పోల్చారు. టీకా వల్ల ముప్పు పెరిగినట్టు కనబడలేదు. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, ఇంట్లో అలాంటి మరణం ముందే ఉండటం, చనిపోయే ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, శక్తికి మించి శ్రమ చేయడం, ఇవి కనబడ్డాయి. ఆ అబ్బాయి ఎందుకు పోయాడో ఈ అధ్యయనం చెప్పదు. పోస్టుమార్టం చేయించలేదు, ఇంక ఎవరూ చెప్పలేరు.

ఖమ్మంలో ఆడపిల్లల మీద టీకా ప్రయోగం జరిగిందని విన్నాం. మళ్ళీ మమ్మల్ని ఎలా నమ్మమంటారు?

మీరు విన్నది ఉత్త పుకారు కాదు. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని చాలా గట్టిగా తప్పుపట్టింది. అడగకుండా గిరిజన పిల్లల చేతికి సూది గుచ్చడం అన్యాయం, టీకా మంచిదైనా సరే అన్యాయమే. అదే సమయంలో హెచ్‌పీవీ టీకా మంచిదన్నదీ నిజమే, 26 ఏళ్ళ దాకా సలహా ఇస్తారు, ఆ పైన 45 దాకా డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు. వేయించుకున్నా పరీక్షలు మానకూడదు. మా అమ్మాయికి వేయించేటప్పుడు కాగితం తనచేతే చదివించాను.

వరదలప్పుడు లంకల్లో వాళ్ళు ఏం వేయించుకోవాలి?

ధనుర్వాతం సూది, అదీ వరద రాకముందే. 2022 జూలై వరదలో నీళ్ళు తీశాక ఇల్లు కడుక్కుంటూ గాజు పెంకులు, మేకులు తొక్కినవాళ్ళే మా షాపుకి ఎక్కువగా వచ్చారు. టైఫాయిడ్ టీకా ఉంది, కానీ దానికన్నా ముందు నీళ్ళు మరగబెట్టుకోవడం. ఎలుకల మూత్రం కలిసిన బురద వల్ల వచ్చే జ్వరానికి మన దగ్గర టీకా వేయరు, జ్వరం వస్తే బురదలో తిరిగిన సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

టీకా తర్వాత పప్పు, వంకాయ, చేపలు తినొచ్చా?

తినొచ్చు. చీము పట్టదు.

షాపులో కొన్న టీకా చెడిపోలేదని ఎలా తెలుస్తుంది?

ఇది అందరూ అడగాల్సింది, ఎవరూ అడగరు. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కినా పాడవుతుంది, టీడీ, హెపటైటిస్ బి లాంటివి గడ్డకట్టినా పాడవుతాయి, కాబట్టి ఐసు ముక్కల మీద నేరుగా పెట్టి తీసుకెళ్ళకండి. తుపానప్పుడు కరెంటు ఎన్ని గంటలు పోయింది, ఫ్రిజ్‌కి ఇన్వర్టర్ ఉందా అని షాపువాడిని అడగండి, నన్నూ అడగండి. ప్రభుత్వ సీసాల మీద గుండ్రని గుర్తులో ఒక చదరం ఉంటుంది, చదరం చుట్టూ ఉన్న రంగు కన్నా లేతగా ఉంటేనే వాడాలి.

వేయించుకున్నాక ఏదైనా తేడా చేస్తే?

అరగంట అక్కడే కూర్చోండి. ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటి తీవ్రమైన ఎలర్జీ పది లక్షల డోసులకి ఒకటి రెండు, వచ్చేది కూడా ఎక్కువగా ఆ అరగంటలోనే, వెంటనే సూది వేస్తే తగ్గుతుంది. ఇంటికెళ్ళాక జ్వరం, నొప్పికి పారాసెటమాల్ చాలు. రెండు రోజులు దాటినా తగ్గకపోయినా, కాళ్ళు చేతులు పట్టు తప్పినా డాక్టరుకి చూపించి, మీ ఊరి ఏఎన్ఎంకి చెప్పి నమోదు చేయించండి. మందుల దుష్ఫలితాలు చెప్పడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు కూడా ఉంది. మీరు చెప్పకపోతే అది ఏ లెక్కలోకీ రాదు.

మా నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఎలా ఒప్పించాలి?

అబద్ధం చెప్పి మాత్రం వేయించకండి. బలం సూది అని చెప్పి వేయించినవాళ్ళని చూశాను, పెద్దాయనకి తెలిశాక ఇంట్లో ఎవరి మాటా నమ్మలేదు, బీపీ మాత్రలు కూడా మానేశాడు. మా నాన్నగారికి నేను ఒక్కోదాని గురించి విడిగా చెప్పాను. టీడీకి మావయ్య పేరెత్తగానే చొక్కా చెయ్యి పైకి మడిచారు. న్యుమోనియా టీకాకి నాలుగు నెలలు ఆలోచించి, డాక్టరుని తానే మూడు ప్రశ్నలు అడిగి ఒప్పుకున్నారు. సర్పి టీకా వద్దన్నారు, ఆ డబ్బు పెట్టి గట్టు మీద షెడ్డు రేకులు మార్చమన్నారు. మార్పించాను.